వెళ్ళొస్తానన్న మాట

పదకొండో భాగం

కిందటి వారం కౌముదిని రాజమండ్రిలో సదస్సు జరిగే హాలు మెట్లమీద, మెళ్ళో బ్యాడ్జీతో, భుజాన గుడ్డసంచీతో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, అప్పట్నుంచీ అక్కడే ఉంది. పత్రిక అందనివాళ్ళూ, అందినా పక్కింటివాళ్ళు చదివి ఇచ్చేస్తామని పట్టుకుపోయినవాళ్ళూ ఉంటారు కాబట్టి, జరిగిన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకెళదాం.

మండపేట దగ్గర వెలగలంకలో ఉన్న చిన్న శాఖా గ్రంథాలయాన్ని ఎత్తేసి, పుస్తకాలు టౌనుకి తరలించాలని పైవాళ్ళ ఆలోచన. చదివేవాళ్ళు లేరట! ఆ లైబ్రరీని నడుపుతున్న కౌముదికి మిగిలిన దారి ఒక్కటే. పబ్లిక్ లైబ్రేరియన్లకి పెట్టిన ఈ రెండు రోజుల శిక్షణ సదస్సులో తన లైబ్రరీ గురించి పది నిమిషాలు మాట్లాడాలి. అందరిలోకీ బాగా చెప్పినవాళ్ళని భువనేశ్వర్‌లో జాతీయ సదస్సుకి పంపిస్తారు. జాతీయ సదస్సు దాకా వెళ్ళొచ్చిన లైబ్రరీకి తాళం వేయించే ధైర్యం ఏ ఆఫీసరుకీ ఉండదు. కౌముది ఆశంతా ఆ పది నిమిషాల మీదే.

చెప్పడానికి ఆవిడ దగ్గర విషయం లేకపోలేదు. వెలగలంకలో చేపలమ్ముకునే ఆడవాళ్ళు గంపలు ఖాళీ అయ్యాక మధ్యాహ్నం పూట లైబ్రరీ వరండాలో చేరతారు. వాళ్ళలో చదువొచ్చినవాళ్ళు తక్కువ. వాళ్ళకి లైబ్రేరియనే పుస్తకం చదివి వినిపించాలి. మంచి పట్టులో ఆపేసి, ఆపిన వాక్యాన్ని మర్నాటిదాకా గుర్తుపెట్టుకునే వంతు ఒకరికి అప్పగించాలి. మర్నాడు ఆ మనిషి ఆ వాక్యం పొల్లుపోకుండా అప్పజెప్పాకే చదువు మళ్ళీ మొదలవుతుంది. చేపల బేరాల మధ్య కూడా ఆ వాక్యాన్ని గొణుక్కుంటూ తిరిగే ఆడవాళ్ళున్నారు ఆ ఊళ్ళో. ఈ పద్ధతి పెట్టింది కౌముదికి ముందు అక్కడ పనిచేసి రిటైరైన మాణిక్యాంబగారు. కౌముదికి పని నేర్పిందీ, పుస్తకం చదవడమంటే ఏమిటో చూపించిందీ ఆవిడే. ఆ మాణిక్యాంబగారు ఈమధ్యే రాజమండ్రిలో, కూతురు హైమ ఇంట్లో పోయారు.

పోయిన మనిషి ఇంటికి పరామర్శకి వెళ్ళినప్పుడు కౌముది ఒక పొరపాటు చేసింది. కథంతా దానిమీదే నడుస్తోంది కాబట్టి అది మాత్రం వివరంగా గుర్తుచేస్తాను. మనవైపు ఎవరింటినుంచి బయల్దేరినా ‘వెళ్తాను’ అనం. ‘వెళ్ళొస్తాను’ అంటాం. చావు జరిగిన ఇంట్లో మాత్రం ఆ మాట నోట రాకూడదు. ఎవరికీ చెప్పకుండా లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. ఈ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. కౌముదికీ తెలుసు. కానీ ఆ గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే, ఏళ్ళ తరబడి మాణిక్యాంబగారి దగ్గర సెలవు తీసుకున్న అలవాటు కొద్దీ, నోరు జారిపోయింది.

“వెళ్ళొస్తానండీ” అంది.

లోపలి గదిలోంచి జవాబు వచ్చింది. “మంచిదమ్మా. వెళ్ళిరా.”

ఆ రోజునుంచీ కౌముది అది తన భ్రమేనని తనకు తాను నచ్చజెప్పుకుంటోంది. ఇక చదవండి.

* * *

సదస్సు రెండో రోజు. పొద్దున కంప్యూటర్ కేటలాగు గురించి ఒకాయన తెరమీద బొమ్మలు వేసి చెప్పాడు. తర్వాత ఒకావిడ పిల్లల్ని లైబ్రరీకి రప్పించడం ఎలాగో చెప్పి, హాల్లో ఉన్న పెద్దవాళ్ళందరిచేతా చప్పట్లు కొట్టించి, పాట పాడించి, నానా అల్లరీ చేయించింది. అందరూ నవ్వుకుంటూ భోజనాలకి లేచారు. గుత్తివంకాయ బాగా కుదిరిందని లైను పొడుగునా ఒకటే మాట.

భోజనాల తర్వాత మాట్లాడాల్సినవాళ్ళకి మాత్రం వంకాయ ఎక్కడ సహిస్తుంది? వరండాలో ఒక్కొక్కరూ ఒక్కో స్తంభాన్ని ఆక్రమించుకుని, పెదవులు కదుపుతూ, చెప్పాల్సింది తమలో తాము చదువుకుంటున్నారు. పది నిమిషాలు దాటితే గంట కొట్టి దింపేస్తారు. అందుకని చదువుతూ చదువుతూ ఒకచోట ఆగడం, “ఛ!” అనుకోవడం, వాచీ చూసుకుని మళ్ళీ మొదటికి రావడం. సంగతి తెలియనివాళ్ళు గేట్లోంచి తొంగిచూస్తే ఇదేదో పిచ్చాసుపత్రి అనుకుని పారిపోతారు.

చివరి స్తంభం దగ్గర కౌముది కూడా అదే పనిలో ఉంది. ఆవిడకి ఇంకో బాధ కూడా ఉంది. లంకలో ఆడవాళ్ళ మధ్య కూర్చుంటే గొంతు ఖంగుమంటుంది. మైకు కనబడితే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. నిన్న పరిచయాలప్పుడు తన పేరూ, ఊరి పేరూ చెప్పడానికే నీళ్ళు తాగాల్సొచ్చింది. ఈ గొంతేసుకుని లైబ్రరీని ఎలా కాపాడతానని ఆవిడకి లోపల ఒకటే గుబులు.

“కౌముదక్కా, నీకోసం ఎవరో వచ్చారు.”

ముమ్మిడివరం వైపు నుంచి వచ్చిన సత్యకుమారి. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. నిన్ననే పరిచయమై ఇవాళ్టికి అక్కా అనేసే రకం. చేతిలో ఉన్న అప్పడం విరుచుకుంటూ గేటువైపు చూపించింది.

“చదువుకున్నావిడలాగే ఉంది గానీ, మొహం చూడు, నిద్రపోయి ఎన్నాళ్ళయిందో!”

గేటు పక్కన బాదం చెట్టు కింద హైమ నిలబడి ఉంది.

హైమ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి. మాట నిక్కచ్చిగా ఉంటుంది, నడక నిటారుగా ఉంటుంది. అలాంటి మనిషి ఇప్పుడు చెట్టుకి చెయ్యి ఆనించి నిలబడింది. కౌముది దగ్గరికి వెళ్ళగానే కుశల ప్రశ్నలేమీ లేకుండా మొదలుపెట్టింది.

“ఆ రోజు మా ఇంట్లో ఫోన్ ఎందుకు పెట్టారండీ?”

“ఫోనేంటండీ?”

“మా అమ్మ చదివినవన్నీ మీరు ఫోన్లో రికార్డు చేసుకున్నారు. నాకు తెలుసు. అమ్మే చెప్పింది. ఆ రోజు మీరు గుమ్మంలో నిలబడి అనకూడని మాట అన్నారు. సరే, నోరు జారారనుకుందాం. దాని వెనకాలే అమ్మ గొంతు వినిపించారు. దేనికండీ? నన్ను ఏడిపించడానికా, మీరు ఏడవడానికా?”

తనొక్కతే విన్నదైతే భ్రమ అని సరిపెట్టుకోవచ్చు. వారం రోజులుగా అలాగే సరిపెట్టుకుంటోంది కూడా. ఎదురుగా ఇంకో మనిషి నిలబడి ‘నేనూ విన్నాను’ అంటుంటే ఇంకేం చెప్పి సరిపెట్టుకుంటుంది?

“మీకూ... వినబడిందా అండీ?”

“వినబడకేం? మీకంటే నేనే గదికి దగ్గరగా ఉన్నాను.”

కౌముది సంచీలోంచి ఫోన్ తీసింది. “ఆ రోజు ఇది సంచీలోనే ఉందండీ. ఒట్టు. కావాలంటే మీరే వినండి” అంటూ ఒక రికార్డింగు పెట్టింది.

బాదం చెట్టు కింద, పట్టపగలు, మాణిక్యాంబగారి గొంతు లేచింది. అదే తాపీ, ఆ వరండా గోడలకి తగిలి కాస్త గుండ్రంగా వచ్చే అదే ఉచ్చారణ. ఏదో తుఫాను రోజుల్లో పేపరు చదివి వినిపించినట్టున్నారు. “సముద్రంలోకి వెళ్ళినవారు తక్షణమే వెనక్కి తిరిగి రావలసిందిగా...” ఆ తర్వాత పేపరు మడిచిన చప్పుడు. అక్కడితో అయిపోయింది.

ఇంకోటి పెట్టింది. ఏదో కథ. పుస్తకం మూసిన చప్పుడు. అయిపోయింది. మరోటి. అదీ అంతే.

“చదవడం అయిపోగానే నేను ఆపేసేదాన్నండీ. ఆడవాళ్ళు వెళ్ళొస్తామనడం, ఆవిడ వెళ్ళిరండనడం, ఇవేవీ దీంట్లో లేవు. ఒక్కసారి కూడా ఎక్కలేదు. నా దగ్గర లేని మాట నేనెక్కణ్ణించి తెచ్చి వినిపిస్తానండీ?”

హైమ చెట్టు చుట్టూ కట్టిన సిమెంటు అరుగుమీద కూలబడింది. ఇంతసేపూ ఆవిడ కోపంగా ఉందనుకుంది కౌముది. కాదని ఇప్పుడు తెలిసింది. ఇంతసేపూ ఆవిడ ఆ ఫోన్‌నే నమ్ముకుని ఉంది. ఆ ఒక్క ఆధారమూ పోయేసరికి మొహం కాగితంలా తెల్లబోయింది.

“అయితే నేను చెప్పేది కూడా వినండి” అంది చివరికి. “మీరు ఆ మాట అని వెళ్ళిన మర్నాటినుంచీ అమ్మ గదిలో చదువు వినబడుతోంది. రోజూ మధ్యాహ్నమే. లైబ్రరీలో చదివే వేళకే. తలుపు తీస్తే ఆగిపోతుంది. వేస్తే మళ్ళీ మొదలు. నేను ఫిజిక్స్ చెప్పుకునేదాన్నండీ. ఇలాంటివి ఎవరైనా చెప్తే క్లాసులో నవ్వేసేదాన్ని. ఇప్పుడు మధ్యాహ్నం అవుతోందంటే నాకు ఒళ్ళు చల్లబడుతోంది. మా అమ్మని తలుచుకుంటే నాకు భయం వేస్తోందండీ. కన్నతల్లిని తలుచుకుంటే! అంతకంటే దరిద్రం ఏముంటుంది?”

కౌముదికి కళ్ళు చెమర్చాయి. ఏదో అనబోయింది గానీ హైమ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“ఒక్కసారి ఇంటికి రండి. కాసేపు కూర్చుని, చెప్పకుండా లేచి వెళ్ళిపోండి. ఆ రోజు చెయ్యాల్సింది ఇవాళ చెయ్యండి. అంతే నేను అడిగేది.”

“తప్పకుండా వస్తానండీ. సాయంత్రం ఇది అవగానే...”

“ఇప్పుడే రండి. సాయంత్రం ఉండదు. ఈ వేళకే ఉంటుంది.”

“నేను మాట్లాడాల్సిందుందండీ ఇప్పుడు. అది పోతే మా లైబ్రరీ పోతుంది. మీ అమ్మగారు నడిపిన లైబ్రరీయే కదండీ.”

“మీరు ఒక మాట జారి చక్కా వెళ్ళిపోయారు. దానితో ఒకే ఇంట్లో ఉంటున్నది నేను” అంది హైమ. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది కౌముదికి.

కౌముది లోపలికి పరుగెత్తింది. సదస్సు నడిపిస్తున్న అనంతకృష్ణగారు విశాఖపట్నం నుంచి వచ్చిన మనిషి. పెద్ద కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇక్కడివాళ్ళెవరూ ఆయనకి తెలియరు, అయినా అందరితోనూ చుట్టరికం ఉన్నట్టే మాట్లాడతాడు. ఆయన పెరుగన్నం తింటుంటే పక్కన నిలబడి బతిమాలుకుంది.

“చివర్న వేస్తాన్లెండి, దానికేం” అన్నాడాయన. “కానీ అమ్మా, పైనుంచి వచ్చిన ఆఫీసరుగారు ఆఖరిదాకా కూర్చునే రకం కాదు. పిలిచినప్పుడు మీరు లేకపోతే మీ లైబ్రరీ పేరు కొట్టేసి ముందుకెళ్ళాల్సిందే. తర్వాత నన్ననుకుని లాభం లేదు.”

“వచ్చేస్తానండీ. ఇక్కడికే, వెనక వీధికే” అని కౌముది బయటపడింది.

* * *

గోదావరి గట్టుకి వెనక వీధిలో హైమ ఇల్లు. ఎండకి నది తెల్లగా మెరుస్తోంది, వంతెన మీద రైలు పోతోంది, ఘాటులో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. లోకమంతా దాని పని అది చూసుకుంటోంది. కౌముది ఒక చెవిలో తను చెప్పాల్సిన పది నిమిషాలూ నడుస్తున్నాయి. రెండో చెవి ఎప్పుడు ఏం వినాల్సొస్తుందోనని ఇప్పట్నుంచే రిక్కించుకుని ఉంది.

మాణిక్యాంబగారి గది మేడమెట్ల కింద ఉంది. తలుపు వేసి ఉంది. హైమ గడప ఇవతలే ఆగి, వేలు పెదవులమీద పెట్టి, వినమన్నట్టు సైగ చేసింది.

ఇద్దరూ విన్నారు. ఏమీ లేదు. పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది. వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. గదిలో మాత్రం చడీచప్పుడూ లేదు.

“ఈ పాటికి మొదలవ్వాలే” అంది హైమ, నమ్మలేనట్టు.

తలుపు తోసి లోపలికి వెళ్ళారు. మంచం, కిటికీ దగ్గర పడక్కుర్చీ, గోడవారగా బీరువా. కౌముది ఆ కుర్చీ ఎదురుగా పీటమీద కూర్చుంది. ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా కూర్చునే చోటే. భయపడుతుందనుకుంది గానీ భయం వెయ్యలేదు. బెంగ వేసింది. ఆ గదిలో ఎవరూ లేరు. మనిషి పోయిన గది ఎంత ఖాళీగా ఉండాలో అంత ఖాళీగానూ ఉంది. వారం రోజులుగా ఈ ఇంటిని హడలగొడుతున్నది ఏదైనా సరే, ఇప్పుడు మాత్రం ఇక్కడ లేదు.

“మీరు వచ్చినందుకేనేమో వెళ్ళిపోయింది” అంది హైమ, గుండెలమీద చెయ్యి వేసుకుని. చాలా రోజుల తర్వాత ఊపిరి పీల్చుకున్నట్టుంది ఆవిడ మొహం.

కౌముదికి మనసొప్పలేదు. “ఏం చదివేవారండీ? మాటలేమైనా తెలిసేవా?”

“మాటలు తెలియవు. గొంతు తెలుస్తుంది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగుతుంది. ‘ఛ’ అనుకుంటుంది. మళ్ళీ మొదట్నుంచి. ఎన్నిసార్లో! రోజూ అదే.”

కౌముది పీటమీంచి లేచి నిలబడింది. వరండాలో స్తంభాలు పట్టుకుని వాచీలు చూసుకుంటున్న మనుషులంతా ఒక్కసారి కళ్ళముందు కదిలారు. ఆపడం, ఛ అనుకోవడం, మళ్ళీ మొదటికి రావడం. ఇందాక తను చేసిందీ అదే.

“హైమగారూ, మీ అమ్మగారు సర్వీసులో ఉండగా ఎప్పుడైనా సదస్సులకి వెళ్ళారా?”

హైమ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపులోకి దిగిపోయింది.

“ఎక్కడండీ! ఏటా పేరు పంపేవారు. ఏటా పెట్టె సర్దుకునేది. జరీ అంచు నేతచీరా, చదవాల్సిన కాగితాలూ, రైల్లో తినడానికి జంతికలూ. ఆఖరి నిమిషంలో ఎవరో పెద్ద ఊరివాళ్ళ పేరు వచ్చేది. లంకలో లైబ్రరీకి సదస్సులెందుకని ఒకాయన మొహం మీదే అన్నాడట. ఇంటికొచ్చి మళ్ళీ పెట్టె విప్పి చీర బీరువాలో పెట్టేసుకునేది. నాకు కోపం వచ్చేది, ఎందుకే నీకీ ఆశ అని. రిటైరయ్యాక కూడా ఆ పెట్టె ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అదిగో, బీరువా మీదే...”

చూపించబోయిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

బీరువా మీద పెట్టె లేదు. దుమ్ము మధ్యలో పెట్టె ఉండాల్సినంత మేర శుభ్రంగా, నలుచదరంగా మెరుస్తోంది. పక్కనే ఉన్న పాత గొడుగుమీదా, క్యాలెండర్లమీదా దుమ్ము దుమ్ముగానే ఉంది.

“ఎవరైనా తీశారా అండీ?”

“ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను” అంది హైమ. గోడకి ఆనుకుని, కౌముది మొహంలోకి చూసింది. “మీకు చెప్పకూడదనుకున్నాను. ఆ రోజు మీరు చెప్పులేసుకుని మెట్లు దిగిపోయారు. మీకు వినబడలేదు. వెళ్ళిరా అన్నాక అమ్మ ఇంకో మాట కూడా అంది.”

“ఏమన్నారు?”

“నువ్వు పద, నేనూ వస్తున్నా.”

మిక్సీ ఆగిపోయింది. కౌముదికి అప్పుడర్థమైంది, తను ఆ మాట ఇచ్చింది ఇంటికి కాదు, మనిషికి. ఇంట్లోంచి చెప్పకుండా లేచి వెళ్ళిపోతే తీరే సంగతి కాదిది. ఆ మనిషి ఇక్కడ లేకపోతే ఎక్కడున్నట్టు?

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా కౌముది వీధిలోకి పరుగుతీసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. వెనక్కి చూడలేదు. ఆచారం ప్రకారం ఆ రోజు జరగాల్సింది జరగాల్సినట్టే జరిగింది, కాకపోతే జరగడానికి బాగా ఆలస్యమైంది.

* * *

గేటు దగ్గరికి వచ్చేసరికే హాల్లోంచి చప్పట్లు వినబడ్డాయి. మామూలు సదస్సుల్లో కొట్టే మొక్కుబడి చప్పట్లు కావవి. ఆగుతాయనుకుంటే మళ్ళీ పెరుగుతున్నాయి.

సత్యకుమారి గుమ్మంలోనే ఎదురైంది. కాటుకంతా చెంపలమీదికి కారిపోయి ఉంది.

“ఎక్కడికెళ్ళిపోయావక్కా! నీ పేరు పిలిచారు. ఒకసారి, రెండుసార్లు. కొట్టేస్తున్నానని కూడా అనేశారు. అప్పుడు వెనక వరసలోంచి పెద్దావిడ లేచింది. ‘నేనూ వెలగలంక లైబ్రరీయేనండీ, నేను చెప్పొచ్చా’ అంది. అబ్బ, ఏం చెప్పిందక్కా! చూసి చదవనే లేదు. చేపల గంపలూ, వరండా, ఆపిన వాక్యం అప్పజెప్పడం, అన్నీ కళ్ళకి కట్టేసింది. ఎవరావిడ? మీ అత్తగారా?”

కౌముది “ఎలా ఉన్నారు?” అని మాత్రం అడగగలిగింది.

“ఎలా ఉండడమేంటి? పెద్దావిడలా ఉంది. జరీ అంచు నేతచీర. కాస్త పాతకాలం మనిషి. మైకు పెట్టబోతే వద్దంది. అయినా ఆఖరి కుర్చీదాకా వినబడింది. నీకు తెలుసా, గంట కొట్టే అవసరమే రాలేదు. సరిగ్గా పది నిమిషాలకి ఆపేసింది!”

వినబడే ఉంటుంది. సరిగ్గా పది నిమిషాలకి రావడానికి ఆవిడ వారం రోజులు కష్టపడ్డారు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే ఉన్నారు, అందులో ఒకరు ఇంట్లో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు.

కౌముది కాళ్ళీడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది. వేదికమీద ఎవరూ లేరు. జనం గుంపులుగా చేరి కాఫీలు తాగుతున్నారు. వెనక వరసలో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆవిడకి ఏడుపొచ్చింది. భయంతో వచ్చిందో, సంతోషంతో వచ్చిందో ఆవిడకే తెలియదు. ఏటా పెట్టె సర్దుకుని, ఏటా విప్పుకున్న మనిషికి ఇన్నాళ్ళకి ఒక హాలు దొరికింది. ఇంతమంది చప్పట్లు కొట్టారు. ఆ మాట తలుచుకుంటే గుండె నిండిపోతోంది. చప్పట్లు కొట్టించుకున్నది ఎవరో తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తోంది.

“రండి రండి, కౌముదిగారూ!” అనంతకృష్ణగారు రిజిస్ట్రేషన్ బల్ల వెనకనుంచి చెయ్యి ఊపాడు. “అంత గొప్పావిణ్ణి వెంటబెట్టుకొచ్చి ఒక్క ముక్కయినా చెప్పలేదేంటండీ! ఆఫీసరుగారు కారు ఎక్కబోతున్నవారు ఆగిపోయి విన్నారు. వెలగలంక శాఖని కదిపే ప్రసక్తే లేదని వేదికమీదే ప్రకటించేశారు. ఈ సదస్సు నుంచి భువనేశ్వర్‌కి మీరే!”

ఈ మాట వినాలని కౌముది నెలల తరబడి కలలు కంది. ఇప్పుడు విని, బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.

“ఆవిడ... ఎక్కడున్నారండీ?”

“ఇక్కడిక్కడే ఉన్నారు. మీకోసమే చూస్తున్నారు. పాపం, పెట్టె కూడా సర్దుకుని తెచ్చేసుకున్నారండీ, చూశారా ఎంత ఉత్సాహమో! ఈ కాలం పిల్లలకి లేదు ఆ పట్టుదల. రేపు సాయంత్రం బండికి ఇద్దరికీ టికెట్లు చేయిస్తున్నాను. మాణిక్యాంబ అని పేరు చెప్పారు. వయసు ఎంతండీ అంటే నవ్వేసి, ఇప్పుడెంతని చెప్పమంటారు బాబూ అన్నారు. భలే సరదా మనిషి! మోకాళ్ళు సహకరించవట, కింది బెర్తు కావాలన్నారు. అలాగే పెట్టించేశాను.”

కౌముది నోట ఒక్క మాట చాలు. ‘ఆవిడ పోయారండీ, ఈమధ్యే పోయారు’ అంటే చాలు. ఆ మాటతో హాలంతా గగ్గోలెత్తిపోతుంది. ఎవరో దొంగమనిషిని తెచ్చి మోసం చేశారంటారు. భువనేశ్వర్ పోతుంది, ఆఫీసరు ఇచ్చిన మాటా పోతుంది, వెలగలంకలో వరండాకి తాళం పడుతుంది. రేపు మధ్యాహ్నం గంపలు దించుకుని వచ్చే ఆడవాళ్ళు ఏ గుమ్మంలో కూర్చోవాలి? అంతకుమించి ఇంకొకటి కూడా ఉంది. ఆ మాట అనడమంటే, ఆ పెట్టెని మళ్ళీ ఇంకోసారి విప్పించడమే. ఈసారి ఆ పని చేసేది తనే అవుతుంది.

“ఏంటలా అయిపోయారు? బండి రేపేనండోయ్. నాకు ఇప్పుడే ఖాయం చెప్పాలి” అన్నాడు అనంతకృష్ణగారు, ఫోన్ చేతిలో పట్టుకుని. “ఇద్దరూ వస్తున్నట్టేనా?”

కౌముది గొంతు సవరించుకుంది. రెండు రోజుల్లో మొదటిసారిగా ఆ గొంతు వణక్కుండా, స్పష్టంగా వచ్చింది.

“ఇద్దరం వస్తున్నామండీ.”

“శుభం!” అంటూ అనంతకృష్ణగారు సంబరంగా లేచి, కౌముది భుజం వెనక్కి చూసి నవ్వి, బల్లకి ఇవతలగా రెండు కుర్చీలు లాగి, “కూర్చోండి, ఇద్దరికీ కాఫీ తెప్పిస్తాను” అన్నాడు.